పొగలేని నిప్పు

ఎల్ రింకోన్, మోరా లోయ
1969 జనవరి 6

చెల్లెలు క్లెయోఫస్‌కి,

నువ్వు అమ్మమ్మవయ్యావు. ముందు ఆ మాట రాసేస్తే నా బరువు దిగుతుంది. శుక్రవారం పొద్దున్న నీ కూతురు ఎర్లిందాకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. మంత్రసాని సోస్తెనెస్ వచ్చింది, చేసింది, కాఫీ తాగింది, నా మీసం చీపురులా ఉందని చెప్పి వెళ్ళింది. పిల్ల నీ పోలికే. ముక్కు వెతకాలి. గొంతు మాత్రం కొండ అవతలికి వినబడుతుంది.

పురుడు పోయవలసిన తల్లివి నువ్వు. నువ్వేమో ప్యూబ్లోలో మంచు మీద జారి, తుంటి విరగ్గొట్టుకుని ఆస్పత్రి మంచమెక్కావు. పెళ్ళాం లేని ముసలి మేనమామని, నేనిక్కడ జావ కాస్తున్నాను. అడ్డం కలిపితే ఉండకడుతోంది. నిలువు కలిపితే పొంగుతోంది. ఎర్లిందా తాగుతోంది పాపం, నోరెత్తకుండా.

అల్లుడు ఓర్లాందో వయోమింగ్‌లో రైలు పట్టాల పనికి వెళ్ళిన సంగతి నీకు తెలుసు. పోయేముందు కొత్త గదిలో గోడకుంపటి పెట్టించాడు. నిలువెత్తు ఇనప బీరువా లాంటిది, సగం గోడలోకి దిగి ఉంటుంది. కట్టె లేదు, బూడిద లేదు. పెరట్లో ట్యాంకు, దాంట్లోంచి గ్యాసు. అడుగున ఒక చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. మర తిప్పితే దాన్నుంచి పెద్ద మంట అంటుకుంటుంది. ఆ మంట నీలంగా ఉంటుంది. నిప్పు నీలంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. నాకు నచ్చలేదు.

బిగించడానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. అంతా ఇంగ్లీషు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో నేల మీద బోర్లా పడుకుని కుక్కలా వాసన చూశాడు. చిన్న దీపం ఆరిపోతే వెంటనే అగ్గిపుల్ల గీయకూడదట. ఈ గ్యాసు నేలని పట్టుకుని ఉంటుందట. మర కట్టేసి, కాసేపు ఆగి, కింద వాసన లేదని చూసుకుని అప్పుడు వెలిగించాలట. ఆ ఒక్కటీ నాకర్థమయింది, చేసి చూపించాడు కాబట్టి. తర్వాత కప్పు మీదికి పోయే రేకు గొట్టాన్ని చూపించాడు. గుండెల మీద చెయ్యేసుకుని, నోరు తెరిచి, మూసి, ఏదో చెప్పుకుపోయాడు. నేను తలూపాను. నాకు డెబ్బై దాటాయి. పాలు తాగడం మానినప్పటి నుంచీ పొయ్యి రాజేస్తున్నాను. నిప్పు గురించి నాకొకడు చెప్పాలా?

నేను మాత్రం నా పాత గదిలో, పిన్యోన్ కట్టెల పొయ్యి దగ్గరే పడుకుంటున్నాను. తల్లీ పిల్లా కొత్త గదిలో. ఒకటే బెంగ. కొండగాలి కొట్టినప్పుడు ఆ గొట్టం ఈల వేస్తుంది, చల్లగాలి గదిలోకి దిగుతుంది. పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఏం చెయ్యాలో రాయి. ఆడవాళ్ళ సంగతులు నాకు తెలియవు.

ఇంకా గట్టిగానే ఉన్న నీ అన్న,
దెమెత్రియో


ప్యూబ్లో, ఆస్పత్రి
జనవరి 11

దెమెత్రియో అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను. నవ్వితే తుంటి కలుక్కుమంది. ఇంకో నెల కదలకూడదంటున్నారు. నా కూతురు నా చేతి జావ లేకుండా, ఉండకట్టిన నీ జావ తాగి బాలింతతనం గడుపుతోందంటే పక్కన అన్నం కంచం పెట్టినా చెయ్యి పోవడం లేదు.

ఇప్పుడు నేను చెప్పేది ఒకటికి రెండుసార్లు చదువు. నీకు చదవడం కష్టమని తెలుసు, అయినా చదువు. అది పచ్చి బాలింత. నలభై రోజులు దాని ఒంటికి గాలి తగలకూడదు. తల మీంచి నల్ల శాలువా తియ్యనివ్వకు. చెవుల్లో దూది ఉండాలి. మిరపకాయ ముట్టనివ్వకు. నీలి మొక్కజొన్న జావ, గొర్రె పులుసు, అంతే. కిటికీ సందులు మూసెయ్యి. తలుపు కింద గొర్రెతోలు పరుచు. గోడలో సూది దూరే సందున్నా మట్టి మెత్తు.

నా మొదటి పిల్లాడు ఎలా పోయాడో నీకు గుర్తుందా? సాయంత్రం ఎవరో తలుపు వేయడం మరిచిపోయారు. గాలి సోకింది. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోయింది. ఆ పెట్టెని భుజాన మోసుకుపోయింది నువ్వే. ఇంకోసారి మన ఇంట్లో అది జరగకూడదన్నయ్యా. నేనక్కడ లేను. నువ్వే నా చేతులు.

గొట్టం సంగతి అడిగావు. ఇంత వయసొచ్చి అదీ నేనే చెప్పాలా? పొయ్యికి గొట్టం పెట్టేది పొగ పోవడానికి. మీ కుంపటికి పొగే లేదని నువ్వే రాశావు. పొగలేని నిప్పుకి గొట్టమెందుకు? కప్పెక్కి గోనెగుడ్డ దూర్చెయ్యి. ఎక్కేటప్పుడు నిచ్చెన కింద ఎవరినైనా పట్టుకోమను. ఒకే ఏడాది ఇద్దరం తుంట్లు విరగ్గొట్టుకుంటే నవ్వుతారు.

దిష్టి తగలకుండా పిల్ల మణికట్టుకి పగడం కట్టారా? రాయలేదు నువ్వు.

నిద్రపట్టని నీ చెల్లెలు,
క్లెయోఫస్


ఎల్ రింకోన్
జనవరి 15

క్లెయోఫస్‌కి,

పగడం కట్టాం. నేనేం అడవిలో పెరగలేదు, నాకూ తెలుసు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. గోధుమపిండి జిగురు కాచి పాత పేపర్లు కిటికీ చుట్టూ అతికించాను. తలుపు కింద తోలు పరిచాను. మట్టిలో గడ్డి కలిపి మూలలన్నీ మెత్తాను. కప్పెక్కి గొట్టంలో గోనెగుడ్డ కుక్కి, పైన కాఫీ డబ్బా మూత బోర్లించి, రాయి పెట్టాను. నిచ్చెన ఎవరూ పట్టుకోలేదు. నేనేం ముసలాణ్ణా?

ఇప్పుడు ఈల లేదు. గది రొట్టెల పొయ్యిలా వెచ్చగా ఉంది. కిటికీ అద్దాలు చెమటపట్టి నీళ్ళు కారుతున్నాయి. అంత వేడి! ఇంకో సంగతి విను. ఆ నీలి మంట పోయింది. ఇప్పుడు పసుపుగా, పొడుగ్గా, ఊగుతూ మండుతోంది, మన పిన్యోన్ మంటలాగే. చూసి సంతోషపడ్డాను. మా ఇంటికి వచ్చాక దానికీ బుద్ధొచ్చింది అనుకున్నాను.

పిల్ల ఏడుపు మానింది. ఎంతసేపైనా పడుకునే ఉంటుంది. పాలకి కూడా లేపాల్సి వస్తోంది. సోస్తెనెస్‌కి చెబితే, నిమ్మళమైన పిల్ల, అదృష్టం అంది.

ఎర్లిందాకి మాత్రం తలనొప్పి. పొద్దున్న లేవగానే మొదలు. ఆలుగడ్డ చక్రాలు కోసి కణతలకి అంటించాను, తలకి గుడ్డ కట్టాను. తగ్గలేదు. ఓషా వేరు కషాయం ఇచ్చాను, కక్కేసింది. నిన్న జావ తీసుకుపోతే కిటికీకున్న పేపరు గోళ్ళతో చించుతోంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

"ఒక్క వేలెడు తెరువు మామయ్యా. ఒక్క వేలెడు. నాకు ఊపిరాడటం లేదు."

"మీ అమ్మకి తెలిస్తే నా తోలు ఒలుస్తుంది."

"అమ్మ ఇక్కడ లేదుగా."

"ఉత్తరం ఉంది" అన్నాను. కిటికీకి మేకులు కొట్టేశాను. అటు తిరిగి పడుకుంది. నాతో మాట్లాడటం లేదు. మొగుడు మీద బెంగనుకుంటాను.

చెప్పిన పని చేసిన నీ అన్న,
దెమెత్రియో


ప్యూబ్లో
జనవరి 18

అన్నయ్యకి,

ఇప్పటికి నా ప్రాణం కుదుటపడింది. పిల్ల హాయిగా పడుకుంటోందంటే తల్లి పాలు చాలుతున్నాయన్నమాట.

ఎర్లిందా మాట వినకు. అది చిన్నప్పుడూ ఇంతే. జ్వరమొస్తే మంచులోకి పరిగెత్తేది. బాలింతలకి మొదట్లో బుర్ర నిలకడగా ఉండదు. కిటికీ అంటుంది, ఏడుస్తుంది, మొగుణ్ణి తిడుతుంది. నలభై రోజులయ్యాక అన్నీ మరిచిపోతుంది. నువ్వు మెత్తబడకు. నువ్వు మెత్తబడితే నేనెవరి మీద ఆధారపడను? ఇంకా తలనొప్పంటే ఎవరిదో దిష్టి. సోస్తెనెస్‌తో గుడ్డు తిప్పించు.

మేకులు కొట్టి మంచిపని చేశావు.

క్లెయోఫస్


ప్యూబ్లో
జనవరి 19

అన్నయ్యా,

ఇది చదవడం ఆపి ముందు కప్పెక్కు. గొట్టంలో గుడ్డ తీసెయ్యి. ఆ తర్వాత మిగతాది చదువు. వాళ్ళిద్దరినీ గదిలోంచి బయటికి తీసుకురా. గాలి సోకితే సోకనీ. కుంపటి ఆర్పెయ్యి. కిటికీ పగలగొట్టు.

నా పక్క మంచం మీద వియోలా అనే ఆమె ఉంది. పొద్దున్న నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపిస్తున్నాను, నవ్వుకుందామని. మంట పసుపైందన్నచోట ఆమె నవ్వు ఆపేసింది. అద్దాలు చెమటపట్టాయన్నచోట మంచం దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గొట్టం మూశారా? మూశారా, లేదా?" అంది.

"మూశాం. పొగ లేదుగా" అన్నాను.

"పొగ కాదమ్మా. దానికి కనిపించనిది ఒకటుంటుంది. వాసన కూడా ఉండదు. మా చెల్లెలి పిల్లలిద్దరూ అలాగే పడుకున్నారు. అలాగే పడుకుని ఉండిపోయారు."

ట్యాంకులో గ్యాసుకి వాసన కలుపుతారట, కారితే తెలియడానికి. మండాక వచ్చే ఈ విషానికి ఏ వాసనా ఉండదట. అది పోవడానికే గొట్టం. ఆ పట్నం ఆయన గుండెల మీద చెయ్యేసుకుని చెప్పింది ఇదే అయ్యుంటుంది. నువ్వు తలూపావు. నేను గుడ్డ కుక్కమన్నాను.

నర్సు మన ఊరి కొట్టుకి ఫోను చేసింది. తీగలు తెగాయట, కనుమలో మంచు తుఫానట. మళ్ళీ చేయమన్నాను. చేస్తూనే ఉంది. నిన్న రాసిన ఉత్తరం తిరిగి ఇచ్చెయ్యమని పోస్టాఫీసుకి మనిషిని పంపాను. వెళ్ళిపోయిందన్నారు. అది ముందొస్తే చించెయ్యి. చదవకు.

క్లెయోఫస్


ఎల్ రింకోన్
జనవరి 20

క్లెయోఫస్,

నీ కూతురికి పిచ్చెక్కింది. పొద్దున్న గది తలుపు బార్లా తీసి ఉంది. మంచం ఖాళీ. మంచులో అడుగులు చూసుకుంటూ పోతే గొర్రెల కొట్టంలో తేలాను. గడ్డిలో కూర్చుని పిల్లకి పాలిస్తోంది, చుట్టూ గొర్రెలు.

"లోపలికి నడు" అన్నాను.

"రాను."

"చస్తారే ఇద్దరూ!"

"ఇక్కడైతే చావం. ఇక్కడికొచ్చాక తలనొప్పి పోయింది. చూడు, పిల్ల కళ్ళు తెరిచింది. ఆ గదిలో ఏదో ఉంది మామయ్యా."

"ఏముంది? దయ్యముందా? నా చేత్తో కట్టిన గది అది!"

"అయితే నువ్వెళ్ళి కూర్చో. తలుపేసుకుని నువ్వు కూర్చో. మధ్యాహ్నం దాకా కూర్చుని, బాగుందని వచ్చి చెప్పు. అప్పుడొస్తాను."

సరే అన్నాను. నాతోనా పందెం! వాళ్ళ మీద నా కోటు, గొంగళి కప్పి వచ్చాను. ఇప్పుడా గదిలోనే కూర్చుని రాస్తున్నాను. తలుపు వేశాను, తోలు సర్దాను, మర పూర్తిగా తిప్పాను. మంట పొడుగ్గా మండుతోంది. గది భేషుగ్గా ఉంది. వెచ్చగా ఉంది. దయ్యమూ లేదు, ఏమీ లేదు.

కొంచెం తల బరువుగా ఉంది. పొద్దున్న నుంచి ఏమీ తినలేదు, అందుకు. గొర్రెలకి నీళ్ళు పెట్టాలి. పెట్టాననుకుంటా. అమ్మ బయట నుంచి పిలుస్తున్నట్టుంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది కదా. వేళ్ళకి పెన్సిలు ఆగడం లేదు. గది బాగుంది అని రాయి. గది బాగు


ప్యూబ్లో
జనవరి 23

అన్నయ్యకి,

ఫోను ఇంకా కలవలేదు. మంచం మీంచి లేవబోయాను, పడ్డాను, మళ్ళీ కట్టు కట్టారు. వియోలా నా చేత జపమాల తిప్పిస్తోంది. సగం తిప్పేసరికి ఎక్కడున్నానో మరిచిపోతున్నాను.

తపాలా అతను వార్డులోకి వస్తే కళ్ళు మూసుకుంటున్నాను. నా మంచం దాటి వెళ్ళిపోతే ఊపిరి తీసుకుంటున్నాను. ఉత్తరం రాకపోవడం కూడా మంచిదేనేమో అనిపిస్తోంది.

ఒక్క ముక్క రాయి. తిట్టు రాసినా చాలు.

క్లెయోఫస్


ఎల్ రింకోన్
జనవరి 25

చెల్లీ,

ముగ్గురం బతికే ఉన్నాం.

దారి నిన్న తెరిచారు. నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. నేను సగంలో వదిలిన కాగితం కూడా దీంతో పంపుతున్నాను. అందులో పిచ్చి రాతలున్నాయి. సిగ్గుపడను. అవి రాసింది నేను కాదు, ఆ విషం.

నేను మధ్యాహ్నం దాకా రాకపోయేసరికి ఎర్లిందా కిటికీ దగ్గరకొచ్చి కేకేసిందట. అమ్మ పిలుస్తోందనుకున్నది దాన్నే. అద్దాల చెమటలోంచి నేను బల్ల మీద పడి ఉండటం చూసింది. పిల్లని గొర్రెల మధ్య గడ్డిలో చుట్టి పెట్టింది. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి లోపలికొచ్చి, నా బూట్లు పట్టుకుని ఈడ్చింది. పచ్చి బాలింత! నా తల గడపకి కొట్టుకుని ఇంత బొడిపె కట్టింది. మంచులో పడేసి, చెంపలు వాయించింది. నేను కళ్ళు తెరిచాక పెరట్లోకి పోయి ట్యాంకు దగ్గరే గ్యాసు కట్టేసింది. నాకా ఆలోచన వచ్చేది కాదు.

సోస్తెనెస్ కొడుకు మమ్మల్ని ట్రాక్టరు మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గొట్టం మూసేస్తే పుట్టే విషం ఇదని చెప్పి, మాకిద్దరికీ ఫరవాలేదన్నాడు. పిల్ల దగ్గర చాలాసేపు ఆగాడు. లైటు వేసి చూశాడు, గంట మోగించి చూశాడు. "పాలు తాగుతోంది, మంచిదే. కానీ మెదడుకి దెబ్బ తగిలిందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇంకొన్ని వారాలకి మనిషి ముఖాన్ని కళ్ళతో వెంబడించాలి. అది చూస్తూ ఉండండి" అన్నాడు.

బయటికొచ్చాక ఎర్లిందా అడిగింది.

"గొట్టం మూసిందెవరు?"

"నేనే."

"ఎవరు మూయమన్నారు?"

"ఎవరూ మూయమనలేదు. నా బుర్రకి తోచింది."

పిల్లని తీసుకుని సోస్తెనెస్ ఇంటికి వెళ్ళిపోయింది. రోజూ వెళ్తున్నాను. గుమ్మంలో నిలబడనిస్తుంది, పిల్లని ఇవ్వదు. జ్ఞానస్నానానికి నన్ను కాకుండా ఇంకొకర్ని జ్ఞానతండ్రిగా నిలబెట్టమని ఫాదరుకి చెప్పిందట.

నీ మాట నేను చెప్పలేదు, చెప్పను. నువ్వూ చెప్పకు. దానికి తల్లి కావాలి. మొండి మేనమామ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఊళ్ళో నన్ను ఎలాగూ కంచరగాడిద అంటారు. ఇంకొంచెం అంటే నాకేం తరగదు.

దెమెత్రియో


ప్యూబ్లో
జనవరి 30

అన్నయ్యకి,

బతికున్నందుకు ముందు దండం. ఇక తిట్లు విను.

నా తప్పు నువ్వెందుకు తీసుకున్నావు? నేనడిగానా? పొలం గట్టు దగ్గర అంగుళం వదలవు, పేకాటలో దమ్మిడీ వదలవు. తప్పు మాత్రం ఉదారంగా ఎత్తుకుపోతావా? గుడ్డ కుక్కమంది నేను. నువ్వు మెత్తబడొద్దంది నేను. మేకులు మంచిపనంది నేను. ఆ పిల్లకి ఏమైనా అయితే నేనూ ఆ బరువు మొయ్యాలి. నన్ను చిన్నపిల్లలా పక్కన కూర్చోబెట్టకు.

నిన్న ఎర్లిందాకి అంతా రాసి పంపాను. నాతో మాట్లాడటం మానేస్తే మానెయ్యనీ. అబద్ధం మీద కట్టిన మాటలు నాకొద్దు.

పిల్ల చూస్తోందా? గుమ్మంలోంచైనా సరే, చూసి రాయి. ఏ ఉత్తరంలోనూ ఇంకేమీ రాయకపోయినా అది రాయి. ఇక్కడ పిల్లల వార్డు ముందు నుంచి నా కుర్చీ తోస్తే ప్రతి పసిదాని కళ్ళూ చూస్తున్నాను.

క్లెయోఫస్


ఎల్ రింకోన్
ఫిబ్రవరి 10

చెల్లీ,

పోయిన వారం రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు. పిల్ల చూడటం లేదు కాబట్టి. గుమ్మంలో నిలబడి టోపీ అటూ ఇటూ ఆడించేవాణ్ణి. అది కప్పుకేసి చూసేది. ఇంటికొచ్చి పెన్సిలు పట్టుకునేవాణ్ణి, కింద పెట్టేసేవాణ్ణి.

ఈలోగా పట్నం ఆయన్ని మళ్ళీ పిలిపించాను. ఈసారి ఇంగ్లీషు వచ్చిన కొట్టు బెన్‌హమీన్‌ని పక్కన నిలబెట్టి, ప్రతి ముక్కా మన భాషలో చెప్పించుకున్నాను. అర్థం కానిచోట తలూపలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఆయన విసుక్కున్నాడు. విసుక్కోనీ. గొట్టం మార్చాడు, పిట్టలు దూరకుండా పైన వల వేశాడు. మంట నీలంగా నిలకడగా ఉంటేనే మంచిదట. పసుపు తిరిగితే ఆర్పేసి బయటికి నడవాలట. నేను మెత్తిన మట్టి గీకించి, కుంపటికి గాలి అందేలా గోడకి చిల్లులు పెట్టించాడు. ఏటా చలి మొదలవకముందు మనిషిని పిలిచి చూపించుకోవాలట. కిటికీ కర్టెను కూడా కుంపటికి దూరంగా జరిపాను.

నిన్న ఆదివారం ఎర్లిందా వచ్చింది. పిల్ల చంకన, నీ ఉత్తరం చేతిలో. నేరుగా గదిలోకి పోయి, ఒంటి చేత్తో పిల్లని పట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, కుంపటి అడుగున మంట చూసింది. బయటికెళ్ళి మెడ సాచి గొట్టం చూసింది. తిరిగొచ్చి నా ముందు నిలబడింది.

"అమ్మ తనదే తప్పంటోంది. నువ్వు నీదంటున్నావు. మీ ఇద్దరిలో అబద్ధాలకోరు ఎవరు?"

"మీ అమ్మే. చిన్నప్పట్నుంచీ అంతే" అన్నాను.

"మేకులు కొట్టింది మాత్రం నువ్వే."

"నేనే."

"నేను ఊపిరాడటం లేదని చెప్పాను."

"చెప్పావు. నేను ఉత్తరం మాట విన్నాను. నీ మాట వినలేదు."

అది నీ ఉత్తరం మడిచి శాలువాలో దోపుకుంది. అప్పుడు "పట్టుకో, పాలగుడ్డ తెచ్చుకుంటాను" అని పిల్లని నా చేతుల్లో పెట్టేసింది.

కిటికీ దగ్గరకి పోయి ముఖంలోకి చూశాను. అదీ చూసింది. అలా ఇదివరకూ ఒకటి రెండుసార్లు చూసింది, పొరపాటున. నేను నెమ్మదిగా తల ఎడమకి జరిపాను. కళ్ళు ఎడమకి వచ్చాయి. కుడికి జరిపాను. కుడికి వచ్చాయి. నమ్మలేదు. మళ్ళీ ఎడమకి. వచ్చాయి క్లెయోఫస్, వచ్చాయి! ఆగి ఆగి, మీసం అంచు పట్టుకుని వేలాడుతున్నట్టు వచ్చాయి. నేను గదంతా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను, ముఖం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుకుంటూ. ప్రతిసారీ వెంబడించింది.

ఎర్లిందా ఎప్పుడొచ్చిందో, తలుపు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

"చాలు మామయ్యా! దానికి కళ్ళు తిరుగుతాయి. సంతలో గొర్రెని కొంటున్నావా, అలా పరీక్ష చేస్తున్నావు?"

ఇంకొక్కసారి తిప్పి ఇచ్చేశాను.

నీ అన్న,
దెమెత్రియో